తుప్పు కాదు, తమ్ముడు

ధూపగిరి కొండ మీద గడ్డి మొలవదు. రాళ్ళే మొలుస్తాయి. ఒక రాయి చామంతి పువ్వులా పచ్చగా ఉంటే పక్కది పగిలిన దానిమ్మలా ఎర్రగా, ఆ పక్కది నెమలి మెడలా నీలంగా ఉంటుంది. ఎండ పడితే కొండ కొండంతా పట్టుచీరలు ఆరవేసినట్టు మెరుస్తుంది. ఆ అందం చూసి దగ్గరికి వెళ్ళినవాళ్ళు మాత్రం తిరిగి రారు. శిఖరాన ఉన్న నీలగండి కోటలో మాంత్రికుడు పుటభైరవుడు కాపురముంటాడు.

ఆ దారిన, మిట్టమధ్యాహ్నం వేళ, ఒక ఉప్పుశెట్టి, ఒక ముసలి సేవకుడు, ఒక గాడిద పైకి ఎక్కుతున్నారు.

శెట్టి నిజానికి శెట్టి కాడు. కుంకుమపురం రాజకుమారి కేతకీదేవి. తలపాగా కింద జడ చుట్టింది. మూతికి మేకవెంట్రుకల మీసం అతికించింది. ఉప్పు బస్తాలో తండ్రి ఇచ్చిన కత్తిని ఒరతో సహా దాచింది. పట్టాభిషేకం జరగవలసిన తమ్ముడు అరుణకీర్తిని పుటభైరవుడు ఎత్తుకుపోయి రాగిబొమ్మగా మార్చేశాడు. అంతటితో ఊరుకోలేదు. మరుగుతున్న కొరివినీళ్ళ తొట్టెలో ఆ బొమ్మను పడేశాడు. ఆ నీళ్ళు మంట లేకుండానే కాలుస్తాయి. బొమ్మ కరిగిపోయి, నీళ్ళ మంట చల్లారి, తొట్టె అంతా నీలమైంది. ఈ రోజు పొద్దు గూకగానే తొట్టెను లోయలోకి ఒంపేస్తానని మాంత్రికుడు నాలుగు దిక్కులా చాటించాడు. లోయలో ఒలికిన నీళ్ళను ఎవరు ఎత్తగలరు? అందుకే రాజకుమారి మీసం పెట్టింది.

వెనక వస్తున్నవాడు సాన పోలన్న. కుంకుమపురం ఆయుధశాలలో కత్తులకు సాన పడుతూ ముసలివాడయ్యాడు. ఎక్కడ తుప్పు కనబడినా అతని చెయ్యి ఊరుకోదు. ఒకసారి పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లను చూడడం మాని వాళ్ళ తలుపు గొళ్ళేనికి పట్టిన తుప్పు గీకుతూ కూర్చున్నాడు. అందుకే బ్రహ్మచారిగా మిగిలిపోయాడు. ఇప్పుడూ నడుస్తూనే గాడిద మెడలోని గంటను ఉత్తరీయంతో తుడుస్తున్నాడు.

"తాతా, గంట వదిలెయ్. చప్పుడవుతోంది," అంది కేతకి.

"తుప్పు తల్లీ, తుప్పు! చూస్తూ చూస్తూ ఎట్టా వదిలేది?"

"తల్లీ కాదు. శెట్టిగారూ అను."

"అట్టాగే తల్లీ."

కోట ద్వారం దగ్గరికి వచ్చారు. అక్కడ తలుపులు లేవు. కొండలోంచి పొడుచుకు వచ్చిన పెద్ద రాతిముఖం ఉంది. నోరే వాకిలి. చాపంత నాలుక బయటికి పరిచి ఉంది. దాన్ని నాలుకరాయి అంటారు. కోటలోకి వెళ్ళేవాటిలో తనకు కనబడిన ప్రతి వస్తువునూ అది రుచి చూస్తుంది. వస్తువు వరుస సరిగ్గా చెప్పిన వాళ్ళను లోపలికి వదులుతుంది. తప్పు చెబితే నోరు మూస్తుంది. దాని పళ్ళు రోకళ్ళంత ఉన్నాయి.

"ఏం తెచ్చావోయ్?" అంది నాలుకరాయి.

"ఉప్పు. మీ దొరగారి మందులకు."

"వరుస చెప్పు. ఒంటా, పెళ్ళా, సంతా?"

కేతకి నవ్వుకుంది. ఇది ఆమెకు తెలియని లెక్క కాదు. కుంకుమపురంలో ఆడపిల్లకు రోలు దగ్గర కూర్చోవడం వచ్చిన నాడే నాయనమ్మలు ఒక పాట నేర్పుతారు.

*సంతకు వచ్చినవి సాయంత్రానికి ఇల్లు చేరు,*
*పెళ్ళికి కూడినవి పేరూ రంగూ మారు,*
*ఒంటిగా పుట్టినది ఎక్కడున్నా ఒకటే తీరు.*

బియ్యంలో రాళ్ళు సంత. చేటలో పోసి చెరిగితే ఎవరి దారి వారిది. నీళ్ళలో ఉప్పు కంటికి కనబడకపోయినా అదీ సంతే. ఎండలో పెడితే నీరు పోయి ఉప్పు మిగులుతుంది. కాని తెల్లని పాదరసం, పచ్చని గంధకం ఒకటైతే ఎర్రని ఇంగిలీకం పుడుతుంది. బిడ్డకు తల్లి రంగూ లేదు, తండ్రి రంగూ లేదు. అది పెళ్ళి. చేటకూ జల్లెడకూ లొంగదు. ఇక బంగారం, రాగి, ఇనుము, గంధకం ఒంటివి. దంచినా కాచినా వాటిలోంచి రెండోది బయటపడదు.

"ఉప్పు పెళ్ళి," అంది కేతకి గొంతు బొంగురు చేసి.

"ఎవరికీ ఎవరికీ?"

"నీళ్ళు తగిలితే భగ్గుమనే దుడుకు పెళ్ళికొడుకు. ఊపిరి తగిలితే ప్రాణం తీసే పెళ్ళికూతురు. ఇద్దరూ ఒకటయ్యాక పప్పులో వేసుకునేంత మంచివాళ్ళయ్యారు."

నాలుకరాయి ఉప్పు నాకి లొట్టలు వేసింది. "నా పెళ్ళీ అట్టా కుదిరి ఉంటే నేనిట్టా రాయినై పడి ఉందునా! సరే. ఆ ముసలాడి చేతిలో చెంబు?"

పోలన్న ముందుకు వచ్చాడు. "ఇత్తడి చెంబు. ఒంటి."

కేతకి అతని ఉత్తరీయం పట్టి లాగింది. రాతిముఖం కనుబొమలు పైకి లేచాయి.

"ఒంటా? ఎట్టా చెప్పావు?"

"మా అమ్మ నాకిచ్చింది ఒక్కటే చెంబు కదా మరి!"

నాలుక సర్రున లోపలికి పోయింది. పై పళ్ళు కిందికి దిగసాగాయి. గాడిద ముందుకూ పోక, వెనక్కూ పోక, సరిగ్గా పళ్ళ కింద నిలబడి ఓండ్ర పెట్టింది.

"సంత! ఇత్తడి సంత!" అని అరిచింది కేతకి. "రాగి, తుత్తునాగం కలిసి వచ్చాయి. అంతటా ఒక్క రంగే ఉంది గనుక మా తాత మోసపోయాడు. సంతే గాని, తోపులాట లేని మర్యాదస్తుల సంత!"

పళ్ళు గాడిద చెవులకు బెత్తెడు ఎత్తున ఆగాయి. నాలుకరాయి చెంబును తిప్పి తిప్పి నాకింది.

"మర్యాదస్తుల సంత! బాగుంది, బాగుంది. పదండి," అంటూ నోరు తెరిచింది. "శెట్టీ, నీ గొంతు అరిచినప్పుడు సన్నగా ఉందేం?"

"ఉప్పు తిన్న గొంతు," అంటూ కేతకి గాడిదను లోపలికి తోసింది.

లోపల కోట ఒక పెద్ద వంటిల్లులా ఉంది. ఎటు చూసినా పొయ్యిలు, మూసలు, గరాటులు. పచ్చని గంధకం గుట్టలు పెళ్ళివారి పసుపులా పోసి ఉన్నాయి. గోడలకు ఇంగిలీకం పూత, తోరణాలుగా పటికబిళ్ళలు. గది మధ్యగా ఒక రాతికాలువలో కొరివినీళ్ళు సన్నగా బుసబుసమంటూ పారుతున్నాయి. కాలువకు అవతల ఎత్తైన అరుగు. అరుగు మీద నీలి తొట్టె. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ నీలం ఎంత అందంగా ఉందంటే, తన తమ్ముడే కాకపోతే కేతకి కూడా మెచ్చుకునేది.

తొట్టె పక్కన పుటభైరవుడు ఉయ్యాల బల్ల మీద కూర్చుని వేయించిన శనగలు తింటున్నాడు. అతని జుట్టులోంచి ఎప్పుడూ సన్నగా పొగ వస్తుంటుంది, తడి కట్టెలు పెట్టిన పొయ్యిలా.

"ఒరేయ్ ఉప్పుశెట్టీ, ఆ మూల దించు. మూట విప్పు."

కేతకి మూట విప్పుతుండగా గంధకం పొగ ముక్కుకు తగిలింది. ఆపుకుందామని చూసింది. ఆగలేదు.

"హాఛ్!"

సగం మీసం ఎగిరి వెళ్ళి ఉప్పులో పడింది.

పుటభైరవుడు శనగలు నమలడం ఆపాడు. మీసం కేసి చూశాడు. మిగిలిన సగం కేసి చూశాడు. తరువాత ఉయ్యాల ఊగిపోయేలా నవ్వాడు.

"ఓహో! ఆడపడుచు వచ్చిందీ! పసుపు కుంకుమలు పెట్టి పంపమంటావా అమ్మా? మీ తమ్ముడు ఇదిగో, ఈ తొట్టెలోనే ఉన్నాడు. చేత్తో ముంచుకో, చెంబుతో ముంచుకో! వాణ్ణి ఒంటిగా తేల్చావా, నా మంత్రం అప్పుడే విడిపోతుంది. తేల్చడం నీ తరమా? పొద్దు గూకేదాకా నీకు ఆటవిడుపు. ఈలోగా నా భటులతో ఆడుకో!"

అతను చప్పట్లు కొట్టాడు. గంధకం గుట్టల వెనకనుంచి పదిమంది భటులు లేచారు. బూడిదరంగు ఒళ్ళు, దాని మీద పచ్చని చుక్కలు. కేతకి బస్తాలోంచి కత్తి దూసి మొదటివాణ్ణి నడుముకు నరికింది. వాడు రెండుగా పడి, పడిన చోటే కుప్పలా కూడుకుని మళ్ళీ లేచాడు. రెండోవాడి తల ఎగరగొట్టింది. ఆ తల బంతిలా దొర్లి వచ్చి తన మెడ తనే ఎక్కింది.

"వీళ్ళు చావరా ఏంటి తల్లీ!" అంటూ పోలన్న ఇత్తడి చెంబుతో ఒకడి నెత్తిన మొత్తాడు. చెంబు సొట్టపోయింది.

కేతకి కత్తి అంచును చూసింది. దాని మీద అంటుకున్న పొడిలో బూడిదరంగు రేణువు వేరుగా, పచ్చని రేణువు వేరుగా కనబడుతున్నాయి. రంగులు మారలేదు. అంటే ఇది పెళ్ళి కాదు.

"తాతా! వీళ్ళు సంతవాళ్ళు! ఇనుపరజను, గంధకం. నీ సూదంటురాయి ఏదీ?"

సాన దగ్గర రాలిన రజను ఏరడానికి పోలన్న ఎప్పుడూ మొలలో ఒక సూదంటురాయి దోపుకుని ఉంటాడు. దాన్ని తీసి ఎత్తి పట్టుకున్నాడు. ఝుమ్మని చప్పుడైంది. దగ్గరికి వచ్చిన భటుల ఒంట్లోని ఇనుమంతా తేనెటీగల్లా లేచి వచ్చి రాయి చుట్టూ ముసిరింది. పచ్చని గంధకం ఒక్కటీ నేలమీద మెత్తగా రాలిపోయింది. ముందున్న నలుగురు భటులు అలా సంత విడిచి ఇళ్ళకు పోయినట్టే పోయారు.

"రండిరా! ఇంకా ఎవడైనా ఉన్నాడా?" అంటూ పోలన్న మీసం మెలేశాడు. అది సొంత మీసమే.

పుటభైరవుడి నవ్వు ఆగింది. ఉయ్యాల దిగి బుగ్గలు పూరించి మంట ఊదాడు. మిగిలిన భటుల ఒళ్ళు రాజుకుంది. ఒక మూలనుంచి ఎర్రగా మొదలైన వెలుగు, అతను ఊదడం ఆపినా తనంతట తనే ఒళ్ళంతా పాకింది. వెలుగు ఆరేసరికి పచ్చ లేదు, బూడిద లేదు. అందరూ కాటుకలా నల్లబడి ఉన్నారు.

పోలన్న అదేమీ గమనించలేదు. సూదంటురాయి ముందుకు చాచి, పొట్ట ముందుకు పెట్టి, ఒక నల్లభటుడి మీదికి వెళ్ళాడు. భటుడు కదలలేదు. పోలన్న రాయిని వాడి రొమ్ముకు ఆనించాడు. ఒక్క రేణువు రాలలేదు. భటుడు రాయిని అతని చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

"వీడు నా రాయి పారేశాడు తల్లీ!"

"పరుగెత్తు తాతా! వీళ్ళకు పెళ్ళయిపోయింది!"

ఇద్దరూ పరుగు తీశారు. వెనక ధనధనమంటూ నల్లభటులు. కేతకి కొరివినీళ్ళ కాలువ ఒక్క దూకులో దాటింది. పోలన్న వల్ల కాలేదు. గాడిద ఎక్కి కూర్చుని దాని చెవిలో ఏదో తిట్టాడు. గాడిద కోపంతో ఎగిరి అవతల పడింది. భటులకు దూకడం తెలియదు. తిన్నగా నడిచి కాలువలో కాలు పెట్టారు.

కాలువ నురగలు కక్కింది. భటుల కాళ్ళు, నడుములు, రొమ్ములు నురగలో కరిగిపోయాయి. ఆ నురగలోంచి ఒక వాసన లేచింది. వెయ్యి కోళ్ళు పెట్టిన గుడ్లన్నీ ఒక్కసారి మురిగినట్టున్న వాసన.

"అబ్బా! నా కోటలో ఈ కంపేమిటే!" అని పుటభైరవుడు ముక్కు మూసుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా తన పెంపుడు రాబందు మీదికెక్కి, కిటికీలోంచి బయటపడ్డాడు. "గాలి తేలికపడగానే వస్తా! తొట్టె నా చేత్తోనే ఒంపుతా!" అన్న కేక దూరమైంది.

కేతకి, పోలన్న ముక్కులకు గుడ్డలు కట్టుకుని కోట కిటికీలన్నీ బద్దలు కొట్టారు. కొండగాలి వచ్చి కంపును ఊడ్చుకుపోయింది. పడమటి కిటికీలోంచి సూర్యుడు తొట్టె అంచును తాకుతున్నాడు. పొద్దు ఎంతో లేదు.

"గుడ్డలో వడగడదామా తల్లీ?" అన్నాడు పోలన్న. వడగట్టారు. నీలం నీలంగానే దిగింది.

"కాచుదామా?"

కేతకి చెంబెడు తీసి పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు ఆవిరై అడుగున నీలి పలుకులు మిగిలాయి. మైలుతుత్తం. అందులో తమ్ముడి ఎరుపు ఎక్కడా లేదు. ఆ పలుకులను మళ్ళీ తొట్టెలోనే వేసింది.

"నీళ్ళకూ ఈ నీలానికీ ఉన్నది సంత. అందుకే కాస్తే విడిపోయాయి. కాని ఈ నీలంలో రాగికి కొరివితో పెళ్ళయింది తాతా. పేరూ రంగూ మారాయి. చేతులతో విడదు."

"అయితే ఎట్టా?"

"పెళ్ళికూతురు కొరివికి రాగికన్న గట్టి సంబంధం చూపాలి. ఆ వరుడి పక్కకు చేరితే, ఈ వరుడు పీటల మీద నుంచి లేచి రావలసిందే. అంత దూకుడుగా కొరివిని పట్టుకునేది ఇనుము."

కోటలోని ఇనుము కొంత రాయితో పాటు కిటికీ పాలైంది, మిగతాది కాలువ పాలైంది. మిగిలింది కేతకి చేతిలోని కత్తి. మాంత్రికుడు తిరిగి వస్తే ఎదిరించడానికీ అదొక్కటే ఉంది. కేతకి ఒకసారి కత్తిని కళ్ళకద్దుకుని పిడి పోలన్న చేతికిచ్చింది.

"దీన్ని తొట్టెలో ముంచి పట్టుకో. నేను వాడు వస్తున్నాడేమో చూస్తాను. ఏం జరిగినా బయటికి తియ్యకు."

పోలన్న కత్తిని ముంచాడు. కేతకి కిటికీ గట్టెక్కింది. ఆకాశంలో దూరాన రాబందు చక్కర్లు కొడుతోంది.

కొంతసేపటికి పోలన్న తొట్టెలోకి తొంగి చూశాడు. అతని ప్రాణం ఉసూరుమంది. అద్దంలా మెరిసే మహారాజుగారి కత్తి నిండా ఎర్రగా, గరుకుగా ఏదో పట్టి ఉంది. అతను కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. ఇంకా ఎక్కువ పట్టింది. చేతులు దురద పెట్టాయి. ఒక్కసారి తుడిచి మళ్ళీ ముంచితే ఎవరికి నష్టం అనుకున్నాడు. గభాలున కత్తి బయటికి తీసి ఉత్తరీయంతో కొసనుంచి బెత్తెడు మేర శుభ్రంగా తుడిచి, పక్క కిటికీలోంచి గుడ్డ దులపబోయాడు.

"తాతా! ఏం చేస్తున్నావు?"

"తుప్పు తల్లీ! కత్తి పాడైపోతుంటే..."

"అయ్యో తాతా! అది తుప్పు కాదు, తమ్ముడు!"

పోలన్న చెయ్యి కిటికీ బయటే ఆగిపోయింది. అదే అదనుగా రాబందు రివ్వున దిగి ఉత్తరీయాన్ని ముక్కున కరుచుకుంది. పుటభైరవుడు గుడ్డలోని ఎర్రపొడి చూసి ఈలవేశాడు.

"ఆడపడుచు లాంఛనం ముట్టింది! తొట్టెడు మీకు, చిటికెడు నాకు! ఆ చిటికెడే చాలు!" అంటూ తూర్పుకు ఎగిరిపోయాడు.

వెంట పడడానికి వేళ లేదు. కేతకి కత్తిని లాక్కుని మళ్ళీ తొట్టెలో ముంచింది. నీలం పలచబడింది. లేత కొబ్బరినీళ్ళలా మారింది. ఆపైన లేత ఆకుపచ్చ తిరిగింది. కత్తి కొస కరిగింది, నడుము సన్నబడింది, చివరికి పిడి మాత్రం చేతిలో మిగిలింది. తొట్టె అడుగున ఎర్రని పొడి కుంకుమలా పేరుకుని, పొడి ముద్దై, ముద్ద బొమ్మై, బొమ్మ కాళ్ళూ చేతులూ చాపింది. రాగి ఒంటిగా తేలింది. ఫెళ్ళుమని మంత్రం విడిపోయింది.

నిలువెత్తు అరుణకీర్తి తొట్టెలోంచి లేచి తుమ్మాడు. "అక్కా! నీకు సగం మీసమేమిటి?"

కేతకి నవ్విందో ఏడ్చిందో తనకే తెలియదు. తమ్ముడి తల తుడిచి, చెవి మెలిపెట్టి, మళ్ళీ తల తుడిచింది. అప్పుడు చూసింది అతని కుడిచెయ్యి. చిటికెన వేలు లేదు. నెత్తురు లేదు, గాయం లేదు. వేలు ఉండవలసిన చోట చర్మం నున్నగా ఉంది.

పోలన్న నేలమీద కూలబడ్డాడు. "నా చేతులు విరిగిపోనూ! చిన్నదొరగారి వేలు తుడిచేశాను తల్లీ!" కుంకుమపురం రాజముద్రిక చిటికెన వేలికే తొడుగుతారు. ఆ వేలు లేనివాడికి పట్టాభిషేకం లేదు.

"ఊరుకో తాతా," అన్నాడు అరుణకీర్తి. "తొమ్మిది తుడవకుండా వదిలావు, అదే పదివేలు."

ముగ్గురూ గాడిదను తోలుకుని వాకిటికి వచ్చారు. నాలుకరాయి అడ్డంగా నాలుక చాపింది.

"లోపలికి ఇద్దరు, బయటికి ముగ్గురు! ఈ కొత్త సరుకు వరుస ఏమిటి? ఆ చెంబు ముసలాడే చెప్పాలి!"

పోలన్న ముక్కు చీదుకుని లేచి నిలబడ్డాడు. "మనిషి. ఇందులో నీళ్ళున్నాయి, ఉప్పుంది, ఎముకల్లో సున్నం ఉంది, నెత్తుట్లో ఇనుముంది. ఒంటివాళ్ళు, పెళ్ళివాళ్ళు అంతా కలిసి వచ్చిన సంత ఇది. ఇక మింగుతావో, వదులుతావో నీ ఇష్టం!"

నాలుకరాయి అరుణకీర్తిని నాకింది. అతను కితకితలతో మెలికలు తిరిగాడు.

"సంతే. కాని ఈ సంతలో ఒక కొట్టు మూసేసి ఉంది."

"తెరిపించడానికే పోతున్నాం," అంది కేతకి.

కత్తిపిడిని ఒరలో దోపుకుంది. బయటినుంచి చూసేవాళ్ళకు లోపల నిలువెత్తు కత్తి ఉన్నట్టే ఉంది. పుటభైరవుడు పోయింది తూర్పుకు. కాని తూర్పున ఎన్ని కొండలు, ఎన్ని కోనలు! ఎక్కడని వెతకడం?

అప్పుడే అరుణకీర్తి కుడిచెయ్యి గాలిలోకి లేపి నిలబడిపోయాడు.

"అక్కా, లేని వేలు తెలుస్తోంది. గుడ్డలో చుట్టినట్టుంది... గోటి పక్కన చీరుకున్న చోట చురుక్కుమంది. ఉప్పునీళ్ళు! ఊగుతోంది, అటూ ఇటూ. వాడు పడవ ఎక్కాడు!"

"సముద్రం! పదండి రేవుకు! ఉప్పుశెట్టిని రేవులో అడ్డగించేవాడు ఉండడు," అంటూ కేతకి మిగిలిన సగం మీసాన్ని మూతి మధ్యకు జరుపుకుంది.

గాడిదను అదిలించి కొండ దిగుతుండగా అరుణకీర్తి మళ్ళీ ఆగాడు. ఈసారి మొహం రాగిబొమ్మగా ఉన్నప్పటికన్న ఎర్రబడింది.

"మళ్ళీ ఏమైంది?"

"గుడ్డ విప్పారు అక్కా. నా చిటికెన వేలు... ఎవరో పట్టుకున్నారు."

"ఎవరు? వాడేనా?"

"వాడు కాదు. మెత్తటి చెయ్యి. గాజులు తగులుతున్నాయి." అరుణకీర్తి చెయ్యి ముందుకు చాచాడు. "అక్కా... నడిపిస్తోంది. ఒక అడుగు... రెండో అడుగు..."

చిటికెన వేలు పట్టి ఏడడుగులు నడిస్తే ఏమవుతుందో పోలన్నకు కూడా తెలుసు. బ్రహ్మచారి అయినా తెలుసు.

"పరుగెత్తు గాడిదా!" అని అరిచింది కేతకి. "ఒంటివాడు పెళ్ళివాడైతే మళ్ళీ విడదీయడానికి నా దగ్గర ఇంకో కత్తి లేదు!"